షాడీ: ఒక ముతక ఉన్నిబట్ట పేరు, ఒక ఎరువు చరిత్ర

వార్తాపత్రికలలో ‘నాసిరకం పనులు’ అనే శీర్షిక తరచుగా కనిపిస్తుంది. ఆ నాసిరకం అన్న మాటకు ఆంగ్లంలో సమానార్థకంగా వాడే విశేషణం ‘షాడీ’. గోడ బీటలు వారినా, కుట్టు ఊడిపోయినా, పరిశోధన వ్యాసంలో వాదన నిలవకపోయినా ఆంగ్లం తెలిసినవారు దానిని షాడీ అని తీసివేస్తారు. అయితే ఈ మాట విశేషణంగా పుట్టలేదు. సుమారు రెండు వందల సంవత్సరాల క్రితం అది ఒక సరుకు పేరు. పాత ఉన్నిగుడ్డలను చీల్చి, పోగులు తీసి, తిరిగి దారంగా వడికి నేసిన ముతక ఉన్నిబట్టను, ఆ బట్టకు మూలమైన పునరుద్ధరించిన ఉన్నిని ఉత్తర ఇంగ్లండు నేతపనివారు ఆ పేరుతో పిలిచేవారు.

ఈ పదానికి మూడవ అర్థం కూడా ఉన్నది. అది వ్యవసాయ శాస్త్రానికి చెందినది. ఉన్నిమిల్లులలో రాలిన పొట్టును, తెగిన పోగులను అదే షాడీ అనే పేరుతో రైతులు కొని, నత్రజని ఎరువుగా పొలాలకు వేసేవారు. అంటే ఒకే పదార్థం బజారులో నాసిరకానికి పర్యాయపదమైంది, పొలంలో మాత్రం ధర పెట్టి కొనదగిన ఎరువుగా నిలిచింది. పదార్థం ఒక్కటే అయినప్పుడు దాని పేరుకు ఇట్టి రెండు గతులు ఎందుకు పట్టాయన్నది భాషాశాస్త్ర ప్రశ్న మాత్రమే కాదు. వ్యర్థాలను ఎరువులుగా సిఫారసు చేసే విస్తరణ శాస్త్రవేత్తకు కూడా అది పనికివచ్చే ప్రశ్న.

బాట్లీ పట్టణంలో పుట్టుక

19వ శతాబ్ది తొలి దశకాలలో నెపోలియన్ యుద్ధాల వలన ఐరోపాలో ఉన్ని రవాణాకు ఆటంకాలు ఏర్పడ్డాయి. అదే సమయంలో సైన్యాలకు కోట్లు, దుప్పట్లు పెద్ద ఎత్తున అవసరమయ్యాయి. ఈ పరిస్థితిలో వెస్ట్ యార్క్‌షైర్ ప్రాంతంలోని బాట్లీ పట్టణానికి చెందిన బెంజమిన్ లా అనే వస్త్ర తయారీదారు 1813లో పాత ఉన్నిగుడ్డలను చీల్చి, ఆ పోగులకు కొంత కొత్త ఉన్నిని కలిపి దారం వడికే పద్ధతిని ఆచరణలోకి తెచ్చినట్లు ఆ పరిశ్రమ చరిత్ర చెబుతున్నది. ఈ పరిశ్రమపై శామ్యూల్ జబ్ అనే బాట్లీ వాసి 1860లోనే ప్రత్యేకంగా ఒక చరిత్ర గ్రంథం రాశాడంటే అర్ధ శతాబ్దిలో అది ఎంతగా విస్తరించిందో ఊహించవచ్చు.

పని తీరు సరళమైనదే. ఐరోపా నలుమూలల నుంచి వచ్చిన చింకిపాతలను మొదట రంగును బట్టి, రకాన్ని బట్టి ఏరేవారు. గుండీలు, కుట్లు తొలగించేవారు. తరువాత నూనె చిలకరించి, ఇనుప పళ్లు గల పెద్ద డ్రమ్ము వేగంగా తిరిగే యంత్రంలోకి పంపేవారు. ఆ యంత్రాన్ని కార్మికులు ‘డెవిల్’, అంటే దయ్యం అని పిలిచేవారు. అది గుడ్డను తిరిగి పోగులుగా చీల్చివేసేది. మేజోళ్లు, ఫ్లానెల్, అల్లిక బట్టలు వంటి మెత్తని గుడ్డల నుంచి వచ్చిన పోగు కొంత పొడవుగా ఉండేది. అదే షాడీ. దర్జీల కత్తిరింపు ముక్కలు, బాగా దట్టించిన గట్టి బట్టల నుంచి వచ్చిన పోగు మరీ పొట్టిది. దానిని ‘ముంగో’ అన్నారు. ఈ రెండింటికీ కొత్త ఉన్ని జోడించి నేసిన బట్ట బరువుగా, ముతకగా ఉండేది. బాట్లీ, డ్యూస్‌బరీ, ఆసెట్ పట్టణాలు ఈ బరువైన ఉన్నిబట్టలకు కేంద్రాలయ్యాయి.

ఈ బట్ట పుట్టుకలో మోసమేమీ లేదని ఇక్కడ గమనించాలి. కొత్త ఉన్నిబట్ట కొనలేని శ్రామిక కుటుంబాలకు చలికాలంలో దుప్పటి, కోటు అందుబాటు ధరలో లభించాయి. పారవేసిన వస్తువు తిరిగి ఉత్పత్తిలోకి వచ్చింది. ఉత్పత్తిలో వెలువడే వ్యర్థాల పునర్వినియోగాన్ని చర్చించిన కార్ల్ మార్క్స్ తన ‘పెట్టుబడి’ గ్రంథం మూడవ సంపుటంలో ఈ పరిశ్రమనే ఒక ఉదాహరణగా తీసుకున్నాడు.

పదం వ్యుత్పత్తి: వేరుపడినది, రాలినది

షాడీ అనే మాట 1830ల నుంచి లిఖితరూపంలో కనిపిస్తున్నది. దాని వ్యుత్పత్తి విషయంలో నిఘంటుకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. అది యార్క్‌షైర్ మాండలికపు మాట అయి ఉండవచ్చుననీ, ‘షెడ్’ అనే క్రియకు సంబంధించినది కావచ్చుననీ ఎక్కువమంది చెప్పే ఊహ. ఆకు రాలినా, పశువు బొచ్చు ఊడినా ఆంగ్లంలో ‘షెడ్’ అంటారు. ఉన్నిని ఏకేటప్పుడు, వడికేటప్పుడు రాలిపడే పొట్టుకు ఆ క్రియ నుంచి పేరు రావడం సహజమే. గనులలో, రాతి క్వారీలలో పనికిరాని రాళ్లకు వాడిన మాట నుంచి ఇది వచ్చినదని మరొక అభిప్రాయం. ఏ ఊహను అంగీకరించినా, అసలు సరుకు నుంచి వేరుపడినది అన్న భావమే కేంద్రంగా కనిపిస్తుంది.

షెడ్ అనే క్రియకు ప్రాచీన ఆంగ్లంలో మూలార్థం విడదీయుట, వేరుచేయుట. మగ్గం మీద పడుగు దారాలు రెండుగా విడి, నాడె దూరడానికి ఏర్పడే సందుకు ఆంగ్లంలో షెడ్ అనే పేరే ఉన్నది. వ్యవసాయ విస్తరణలో నిత్యం వినిపించే ‘వాటర్‌షెడ్’ అన్న మాటలోని షెడ్ కూడా ఇదే. పడిన వాననీటిని ఇరువైపులా విడదీసే గట్టు అన్నది దాని తొలి అర్థం. జర్మన్ భాషలోని సమాన పదాన్ని అనుసరించి 19వ శతాబ్ది ఆరంభంలో ఆ మాట ఆంగ్లంలోకి వచ్చింది. కాలక్రమంలో అమెరికా వాడుకలో అది గట్టును విడిచి, ఆ గట్ల నడుమ నీరు చేరే పరీవాహక ప్రాంతానికి పేరైంది. మన పథకాలలో స్థిరపడినది ఆ రెండవ అర్థమే. పశువులను కట్టే షెడ్ మాత్రం వేరే పదం. అది నీడ అనే అర్థం గల ‘షేడ్’ అన్న మాటకు రూపాంతరం.

ఈ విడదీయుట అనే భావాన్ని మరికొంత వెనుకకు అనుసరిస్తే భారతీయ భాషలకు కూడా పరిచయమైన ధాతుకుటుంబం ఎదురవుతుంది. తులనాత్మక భాషాశాస్త్రం ప్రకారం షెడ్ అనే క్రియకు, సంస్కృతంలోని ‘ఛిద్’ ధాతువుకు మూలం ఒక్కటే. ఛేదించు, విచ్ఛేదము, ఛిద్రము అని తెలుగువారు వాడే తత్సమాలు ఆ ధాతువు నుంచి వచ్చినవే. షాడీకి, షెడ్‌కు గల సంబంధం ఊహ మాత్రమే కనుక ఈ బంధుత్వాన్ని షాడీ దాకా నిశ్చయంగా పొడిగించడానికి వీలులేదు.

ముంగో అనే మాటకు బాట్లీ ప్రాంతంలో ఒక కథ ప్రచారంలో ఉన్నది. గట్టి గుడ్డలు యంత్రంలో సాగడం లేదని మేస్త్రీ చెప్పగా, యజమాని యార్క్‌షైర్ మాండలికంలో ‘ఇట్ మన్ గో’, అంటే ‘అది సాగి తీరాలి’ అన్నాడట. ఆ ‘మన్ గో’ నుంచే ముంగో వచ్చినదని చెబుతారు. ధ్వనిసామ్యాన్ని ఆధారం చేసుకొని, పేరు పుట్టిన తరువాత అల్లిన ఇటువంటి కథలను భాషాశాస్త్రం లోకవ్యుత్పత్తులుగా పరిగణిస్తుంది. తెలుగునాట ఊరిపేర్లకు చెప్పే స్థలపురాణ కథలలోనూ ఈ లక్షణం కనిపిస్తుంది. కథ నిజమైనా కాకపోయినా, పొట్టి పోగును ఎలాగైనా దారంగా మార్చాలన్న ఆనాటి మిల్లుల ఒత్తిడి అందులో ఉన్నది.

మాటకు మచ్చ పడిన తీరు

పదాల అర్థం కాలక్రమంలో హీనపడడాన్ని తెలుగు భాషాశాస్త్ర గ్రంథాలు అర్థగ్రామ్యత అంటాయి. ఒకప్పుడు వాసన అనే సామాన్యార్థం గల ‘కంపు’ నేడు దుర్వాసనకే పరిమితమైంది. ఛందస్సును, అంటే వేదాన్ని అధ్యయనం చేసినవాడు అనే అర్థం గల ‘ఛాందసుడు’ మూర్ఖపు పట్టుదల గలవాడయ్యాడు. ఈ మాటలు ఏ సంఘటనతో దిగజారాయో చెప్పలేము. షాడీ విషయంలో మాత్రం ఆ దిగజారుడు మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటి మెట్టు బ్రిటిష్ పార్లమెంటు. ధాన్యం దిగుమతులపై సుంకాలు విధించే శాసనాలను ఎత్తివేయాలని మిల్లు యజమానులు, నిలుపుకోవాలని భూస్వాములు పోరాడుతున్న కాలమది. భూస్వాముల పక్షాన నిలిచిన బస్‌ఫీల్డ్ ఫెరాండ్ అనే సభ్యుడు 1842లో మిల్లు యజమానులపై దాడికి దిగాడు. వారు బట్టలో ‘డెవిల్స్ డస్ట్’, అంటే దయ్యపు యంత్రం నుంచి రాలే ధూళిని కలిపి జనాన్ని మోసం చేస్తున్నారన్నది ఆయన ఆరోపణ. వ్యవసాయ, పారిశ్రామిక వర్గాల రాజకీయ వైరంలో చింకిపాతల ఉన్ని ఒక ఆయుధమైంది.

రెండవ మెట్టు అమెరికా అంతర్యుద్ధం. 1861లో యుద్ధం మొదలైనప్పుడు ఉత్తర రాష్ట్రాల ప్రభుత్వానికి ఒక్కసారిగా లక్షలాది సైనిక దుస్తులు కావలసివచ్చాయి. తొందరలో కాంట్రాక్టులు పొందిన వర్తకులలో కొందరు పొట్టి పోగును అరకొరగా అతికించి, మంచి ఉన్నిబట్టగా అంటగట్టారు. ఆ దుస్తులు వానకు తడిసి, కవాతుకు నలిగి కొద్దికాలంలోనే చిరిగి ఊడిపోయాయి. సైనికుల ఆగ్రహం పత్రికలకెక్కింది. యుద్ధంలో ధనం కూడబెట్టిన కొత్త శ్రీమంతులను ‘షాడీ’ వర్గమని వెక్కిరించారు. ఆ తరువాత ఆ మాట బట్టను దాటి, పైకి ఒకటిగా కనిపిస్తూ లోపల మరొకటిగా ఉండే ప్రతిదానికీ విశేషణమైంది.

ఇక్కడ ఒక వివేచన అవసరం. పోగు పొట్టిదన్నది షాడీ గుణం. దానిని కొత్త ఉన్నిగా చూపడం వర్తకుని దోషం. బట్టకు తగినంత కొత్త ఉన్ని కలిపి, తగిన ధరకు, తగిన పనికి అమ్మినప్పుడు ఫిర్యాదు రాలేదు. పేరు దాచి అమ్మినప్పుడు ఆ దోషమంతా సరుకు పేరుకే అంటుకొన్నది.

పొలంలో అదే పదార్థం

మిల్లులో ఎంత పొదుపు చేసినా కొంత పోగు దారానికి పనికిరాదు. యంత్రాల క్రింద నూనెతో, ధూళితో కలిసి రాలిన ఆ పొట్టు మూటలుగా కట్టి రైళ్లలో పొలాలకు చేరేది. దక్షిణాన కెంట్ ప్రాంతంలోని హాప్స్ తోటలు దానిని విస్తారంగా వాడాయి. బీరుకు చేదును, సువాసనను ఇచ్చే హాప్స్ బహువార్షిక తీగ. నాటిన తరువాత అనేక సంవత్సరాలు ఒకేచోట ఉండి, ఏటా పెద్ద మొత్తంలో నత్రజనిని తీసుకుంటుంది. అట్టి పంటకు నిదానంగా కరిగే ఎరువు అనుకూలిస్తుంది.

మిల్లుల పొరుగునే మరొక పంట ఈ ఎరువుతో ప్రసిద్ధికెక్కింది. వేక్‌ఫీల్డ్, మోర్లీ, రోత్‌వెల్ పట్టణాల నడుమ ఉన్న ప్రాంతం రూబార్బ్ సాగుకు పేరు. మన చుక్కకూర కుటుంబానికే చెందిన ఈ మొక్క పుల్లని కాడలను తీపి వంటకాలలో వాడతారు. అక్కడి రైతులు మొక్కను రెండేళ్లు కోయకుండా పొలంలో పెంచి, వేరులో ఆహారం నిల్వ చేయిస్తారు. మంచు తగిలిన తరువాత వేళ్లతో పెకలించి, వెచ్చని చీకటి గదులలోకి మార్చి, లేత గులాబీ రంగు కాడలను కొవ్వొత్తి వెలుగులో కోస్తారు. గదులకు వేడినిచ్చే బొగ్గు, పొలానికి నత్రజనినిచ్చే షాడీ రెండూ సమీపంలోనే దొరకడం ఈ సాగుకు కలిసివచ్చింది. యార్క్‌షైర్ ఫోర్స్‌డ్ రూబార్బ్‌కు 2010లో ఐరోపా సమాజం మూలస్థాన రక్షిత గుర్తింపు ఇచ్చింది. నాసిరకానికి మారుపేరైన పదార్థంతో పెరిగిన పంట నాణ్యతకు గుర్తింపు పొందింది.

నిదానానికి కారణం

ఉన్ని ప్రధానంగా కెరటిన్ అనే ప్రోటీను. శుద్ధమైన పొడి ఉన్నిలో నత్రజని సుమారు 16 శాతం, గంధకం సుమారు 3 నుంచి 4 శాతం ఉంటాయి. ఎరువుగా అమ్మే షాడీలో తేమ, నూనె, మట్టి, నూలు పోగులు కలిసి ఉంటాయి కనుక నత్రజని సరుకును బట్టి సుమారు 5 శాతం నుంచి 14 శాతం వరకు మారుతుంది. భాస్వరం చాలా తక్కువ. గొర్రె చెమటతో ముడి ఉన్నికి అంటే పొటాష్ నీటిలో కరిగేది కావడం వలన కడిగిన ఉన్నిలో అది మిగలదు. కనుక షాడీని సంపూర్ణ ఎరువుగా భావించరాదు.

విద్యార్థులు గమనించవలసిన విశేషం ఒకటి ఇందులో ఉన్నది. ఉన్నిలో కర్బనం సుమారు 50 శాతం. అంటే కర్బన నత్రజని నిష్పత్తి దాదాపు 3:1 మాత్రమే. నిష్పత్తి ఇంత తక్కువగా ఉన్న సేంద్రియ పదార్థం త్వరగా కుళ్లి నత్రజనిని విడుదల చేయాలన్నది పాఠ్యపుస్తక సూత్రం. ఉన్ని ఆ సూత్రానికి లొంగదు. కెరటిన్ గొలుసులను గంధకపు బంధాలు, అంటే డైసల్ఫైడ్ బంధాలు అడ్డంగా కట్టివేసి ఉంచుతాయి. వాటిని ఛేదించగల ఎంజైములు కొన్ని బాక్టీరియాలకు, శిలీంధ్రాలకు మాత్రమే ఉంటాయి. కనుక నిష్పత్తి ఒక్కటే కుళ్లే వేగాన్ని నిర్ణయించదు, అణువుల అమరిక కూడా నిర్ణయిస్తుంది. యంత్రంలో నలిగి, తెగిన పోగు చెక్కుచెదరని ఉన్ని కంటే సూక్ష్మజీవులకు కొంత సులభంగా లొంగుతుంది.

లెక్క కూడా ఆ దృష్టితోనే చూడాలి. 10 శాతం నత్రజని గల ఒక టన్ను షాడీలో 100 కిలోల నత్రజని ఉంటుంది. అది సుమారు 217 కిలోల యూరియాలోని నత్రజనితో సమానం. అయితే యూరియా నత్రజని కొద్ది వారాలలో పంటకు అందుతుంది. షాడీ నత్రజనిలో ఒక భాగమే మొదటి పంటకు చేరి, మిగిలినది తరువాతి పంటలకు దక్కుతుంది. ఈ రెండింటినీ ఒకే కొలతతో పోల్చి సిఫారసు చేస్తే రైతు మొదటి పంటలోనే నష్టపోతాడు.

మిగిలిన ఎరువు ఎవరిది?

నిదానంగా కరిగే ఎరువు కౌలు వ్యవసాయంలో న్యాయసమస్యగా మారుతుంది. కౌలుదారు తన డబ్బుతో ఎరువు వేసి, రెండవ ఏట భూమిని విడిచిపెడితే, మట్టిలో మిగిలిన పోషకాల విలువ ఎవరికి చెందాలి? ఇంగ్లండులో 1883 నాటి వ్యవసాయ కౌలు శాసనం వెళ్లిపోయే కౌలుదారుకు ఇటువంటి మిగులు విలువకు పరిహారం పొందే హక్కు కల్పించింది. అయితే ఏ ఎరువు ఎంత మిగులుతుందో తెలియకుండా పరిహారం లెక్కకట్టడం సాధ్యం కాదు.

ఆ కొలతకు రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం పూనుకున్నది. దాని సంచాలకుడు ఎ. డి. హాల్ కాలంలో, 1904లో, లిటిల్ హూస్ అనే క్షేత్రంలో మిగులు విలువల ప్రయోగం ఆరంభమైంది. హాల్ అంతకుముందు హాప్స్ తోటల కెంట్ ప్రాంతంలోని వై వ్యవసాయ కళాశాలకు ప్రధానాచార్యుడు. పశువుల ఎరువు, గ్వానో, ఆవజాతి గింజల పిండి, ఎముకల పొడి, సూపర్ ఫాస్ఫేట్ వంటి ఎరువులతోపాటు షాడీకి కూడా ఆ ప్రయోగంలో స్థానం లభించింది. ఒక్కొక్క ఎరువును ఒక్కొక్క మడికి ఒక్కొక్క సంవత్సరంలో వేయడం ద్వారా, ఆ ఏడు వేసినదానిని, ఒకటి, రెండు, మూడేళ్ల క్రితం వేసినదానిని ఒకే పంటలో పోల్చే ఏర్పాటు చేశారు. నత్రజని ఎరువులలో గ్వానో వంటివి ప్రధానంగా మొదటి పంటకే ఉపయోగపడగా, షాడీ పశువుల ఎరువువలె తరువాతి పంటలకు కూడా మిగిలేవాటి వరుసలో చేరింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సాగుభూమిలో గణనీయ భాగం కౌలుదారుల చేతిలో ఉన్నది. పశువుల ఎరువు, చెరువుమట్టి, కంపోస్టు వంటి దీర్ఘకాల ఫలమిచ్చే ఎరువులను కౌలురైతు తక్కువగా వేయడానికి అవగాహన లోపమే కారణమని తరచుగా రాస్తుంటారు. వచ్చే ఏడు అదే భూమి తనకు దక్కుతుందన్న భరోసా లేనివాడు మూడేళ్లకు ఫలమిచ్చే ఎరువు కొనకపోవడం అవివేకం కాదు. షాడీ చరిత్ర ఈ సంగతిని శతాబ్దం క్రితమే శాస్త్రానికీ, శాసనానికీ గుర్తుచేసింది.

ఉన్నితో వచ్చిన విత్తనాలు

షాడీకి దోషాలు లేవనడం కూడా సత్యం కాదు. గొర్రె బొచ్చుకు అంటుకొన్న ముళ్లకాయలు, విత్తనాలు ఉన్నితోపాటు దేశాలు దాటాయి. స్కాట్లండులోని గాలాషీల్స్ ఉన్నిమిల్లుల పరిసరాలలో మొలచిన విదేశీ మొక్కలను ఐడా హేవార్డ్, జి. సి. డ్రూస్ అనే ఇరువురు వృక్షశాస్త్రజ్ఞులు పరిశీలించి 1919లో గ్రంథంగా వెలువరించారు. వారు నమోదు చేసిన జాతులు మూడు వందలకు పైబడినవి. తరువాతి కాలంలో బెడ్‌ఫర్డ్‌షైర్ ఇసుక నేలల కూరగాయల తోటలలో షాడీ వేసిన చోట్ల కూడా ఇట్టి మొక్కలు పెద్ద సంఖ్యలో కనిపించాయి. వృక్షశాస్త్రంలో వీటికి ‘ఉన్ని పరదేశులు’ అన్న అర్థం గల పేరే స్థిరపడింది. మన పొలాలలో మరుల మాతంగి కాయలు గొర్రెల బొచ్చుకు, పశువుల తోకలకు అంటుకొని వ్యాపించడం రైతులకు తెలిసిన విషయమే. కనుక ఉన్ని వ్యర్థాన్ని వేడి పుట్టేలా కంపోస్టు చేసిన తరువాతనే పొలానికి చేర్చడం క్షేమం.

రెండవ ప్రమాదం దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్. యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని ఏరే కార్మికులకు సోకిన ప్రాణాంతక వ్యాధి ఇదేనని 1880 ప్రాంతంలో డాక్టర్ జాన్ హెన్రీ బెల్ నిర్ధారించాడు. ఈ సూక్ష్మజీవి సిద్ధబీజాలు మట్టిలో దశాబ్దాల పాటు జీవించగలవు. రోగం వచ్చిన మందల ఉన్నిని ఎరువుగా వాడే ఆలోచన చేయరాదు.

పేరు, పట్టిక, చట్టం

మచ్చపడిన పేరును చివరకు చట్టం సవరించింది. అమెరికాలో 1939 నాటి ఉన్ని ఉత్పత్తుల లేబులింగు చట్టం బట్టలో కొత్త ఉన్ని ఎంత, తిరిగి తీసిన ఉన్ని ఎంత అన్నది లేబులుపై తెలపాలని శాసించింది. 1980లో చేసిన సవరణతో ఆ పాత ఉన్నికంతటికీ ‘రీసైకిల్డ్ ఉల్’ అన్న ఒకే పేరు ఏర్పడింది. ఒకప్పుడు దాచవలసివచ్చిన లక్షణమే నేడు పర్యావరణ హితమని చాటుకొనే లక్షణమైంది.

ఎరువుల విషయంలో ఇదే మార్గాన్ని బ్రిటన్ అంతకుముందే తొక్కింది. తయారుచేసిన, దిగుమతి చేసిన ఎరువులలో పోషకాల శాతాన్ని ఇన్వాయిసుపై చూపాలని 1893 నాటి ఎరువులు, దాణాల శాసనం నిర్దేశించింది. మన దేశంలో 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి 2006లో సేంద్రియ ఎరువులు కూడా వచ్చాయి. వీటన్నింటి సారాంశం ఒక్కటే. కొనేవాడు పేరును కాక పట్టికను చూసి ధర కట్టగలగాలి.

నేటి షాడీకి ఈ సూత్రం మరింత వర్తిస్తుంది. ప్రపంచంలోని పెద్ద షాడీ కేంద్రాలలో ఒకటి హర్యానాలోని పానిపట్. విదేశాల నుంచి వచ్చే పాత దుస్తులను అక్కడ తిరిగి దారంగా, దుప్పట్లుగా మారుస్తారు. అయితే నేటి దుస్తులలో ఉన్నికి తోడు ఆక్రిలిక్, పాలిస్టర్ వంటి కృత్రిమ పోగులు విరివిగా ఉంటాయి. అవి మట్టిలో కుళ్లవు, నత్రజనిని పంటకు ఇవ్వవు, సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులుగా మిగులుతాయి. పాత పుస్తకంలో షాడీ మంచి ఎరువని చదివి నేటి షాడీ పొట్టును పొలానికి సిఫారసు చేస్తే, అదే పేరు మరొకసారి మోసం చేసినట్లవుతుంది.

దక్కన్ ఉన్ని సంగతి

ఆంగ్లంలోకి చేరిన ముతక ఉన్నిబట్టల పేర్లలో మన నేలకు చెందినది కూడా ఒకటి ఉన్నది. సంస్కృత కంబళ శబ్దం నుంచి వచ్చిన కంబళిని ఆంగ్లో ఇండియన్ వాడుకలో ‘కంబ్లీ’ అన్నారు. 1886లో వెలువడిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువు దానిని నమోదు చేసింది. తెలుగునాట దానిని గొంగళి, గొంగడి అంటారు. దక్కనీ గొర్రెల నల్లని ముతక ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేసే ఈ కంబళి కాపరికి వానలో గొడుగు, చలిలో దుప్పటి, పగలు ఆసనం.

నెల్లూరు జాతి గొర్రెలకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. మాంసానికి గిరాకీ పెరిగి, దక్కనీ మందలలో నెల్లూరు పొట్టేళ్ల సంకరం హెచ్చిన కొలదీ నేతకు పనికివచ్చే ఉన్ని తగ్గింది. గొంగడి నేసే చేతులు కూడా తగ్గాయి. కత్తిరించిన ఉన్నికి కొనేవారు లేక కాపరులు దానిని పారవేయడం అనేక చోట్ల కనిపిస్తున్నది. అదే కాపరి మందను పొలంలో కట్టినందుకు రైతు ప్రతిఫలమిస్తాడు. గొర్రె పెంటికకు విలువ కట్టిన వ్యవసాయం గొర్రె ఉన్నికి విలువ కట్టలేదు.

నేతకు పనికివచ్చే ఉన్ని నేతకే చేరాలి. మిగిలినదానిని పశువుల ఎరువుతో పొరలు పొరలుగా గోతిలో మగ్గబెట్టి, పండ్లతోటలు, మునగ, కరివేపాకు వంటి బహువార్షిక పంటల పాదులలో వేయడం అక్కడి హాప్స్ తోటల అనుభవానికి దగ్గరగా ఉంటుంది. గంధకం అందించడం దాని అదనపు గుణం. అయితే మోతాదులను బ్రిటన్ చల్లని నేలల నుంచి అరువు తెచ్చుకోరాదు. వేడి నేలలలో, వర్షాధార పరిస్థితులలో ఉన్ని ఎంత కాలానికి ఎంత నత్రజని ఇస్తుందో స్థానిక ప్రయోగాలే చెప్పాలి. స్నాతకోత్తర విద్యార్థికి లిటిల్ హూస్ తరహా ప్రయోగాన్ని చిన్న మడులలో నిర్వహించడం అసాధ్యమేమీ కాదు.

ముగింపు

గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరరాదని తెలుగు సామెత. ముతక ఉన్నిలో ముతకదనం తప్పు కాదు, దానిని పట్టుబట్టగా అమ్మడం తప్పు. షాడీ అనే మాటకు ఆంగ్లంలో పట్టిన గతికి మూలం ఆ తేడాను మరచిపోవడమే. సేంద్రియం, సహజం, వ్యర్థం, నాసిరకం అనే మాటలు నేటి ఎరువుల బజారులో కూడా విశ్లేషణకు బదులుగా తిరుగుతున్నాయి. విస్తరణ శాస్త్రవేత్త ముందుకు ఏ మూట వచ్చినా అడగవలసిన ప్రశ్నలు మూడు. అందులో ఏ పోషకం ఎంత శాతం ఉన్నది? అది ఎన్ని పంటలలో విడుదలవుతుంది? దానితోపాటు పొలంలోకి మరేమి వస్తున్నది? ఈ మూడింటికి సమాధానం రాతలో దొరికిన తరువాతనే ఆ మూటకు పేరు పెట్టడం న్యాయం.